కారు ఇంజిన్‌కు రసాయన క్లీనర్లు వాడేటప్పుడు: ఏది ఎక్కడ, ఎంత, ఎలా

కార్బ్యురేటర్ స్ప్రేతో థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి పోయే గాలిని అదుపు చేసే భాగం) కడగవచ్చా? సర్వీసింగ్‌కు ఇస్తే ఇంజిన్ ఫ్లష్ (ఆయిల్‌లో మందు పోసి లోపలి మడ్డిని కడగడం) చేయించమంటున్నారు, చేయించాలా? బోనెట్ కింద పేరుకున్న జిడ్డును డీజిల్‌తో కడిగితే నష్టమేమిటి? ఈ మూడు ప్రశ్నలు పాఠకుల నుండి మళ్ళీ మళ్ళీ వస్తున్నాయి. మూడింటికీ చిన్న జవాబులు ఉన్నాయి గాని, వాటితో పని జరగదు. ఎందుకంటే పాడయ్యేది చాలాసార్లు మందు వల్ల కాదు, ఒకదానికి వాడవలసిన మందు మరొకదానికి వాడటం వల్ల. అందుకే సొంతంగా చేసుకునేవారి కోసం మొదటి నుండి వరుసగా రాస్తున్నాను.

సిద్ధాంతం ఇంతే: జిడ్డును కరిగించే ద్రావకానికి జిడ్డేదో, రబ్బరేదో, పెయింటేదో తెలియదు. ఆ తేడా తెలిసి వాడవలసిన బాధ్యత మీది.

అసలు అవసరమో కాదో ముందు చూసుకోండి

ఆయిల్ పోసే మూత విప్పి, టార్చి వేసి లోపలికి చూడండి. కనిపించే లోహం మీద తేనె రంగు పూత మాత్రమే ఉంటే ఆ ఇంజిన్ బాగానే ఉంది. వేలు పెడితే తారులా అంటుకునే నల్లటి మడ్డి కనిపిస్తే అది వేరే సంగతి, దాని గురించి 8వ దశలో చెబుతాను. కంపెనీ చెప్పిన గ్రేడు ఆయిల్‌ను చెప్పిన కిలోమీటర్లకు మారుస్తూ వచ్చిన ఇంజిన్‌కు ఫ్లష్ అవసరం లేదన్నది నా అభిప్రాయం. సర్వీసు బిల్లులో ఆ పేరుతో ఒక వరుస అదనంగా చేరినంత మాత్రాన ఇంజిన్‌కు అది కావాలని అర్థం కాదు.

థ్రాటిల్ బాడీ విషయంలో లక్షణాలు స్పష్టంగానే ఉంటాయి. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు ఐడ్లింగ్ (యాక్సిలరేటర్ తొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) పైకీ కిందికీ ఊగుతుంది, క్లచ్ తొక్కగానే ఇంజిన్ ఆగిపోతుంది, లేదా యాక్సిలరేటర్ మొదటి తాకిడికి బండి చిన్న కుదుపుతో కదులుతుంది. ఇవేవీ లేకపోతే దాన్ని ముట్టుకోకండి.

డైరెక్ట్ ఇంజెక్షన్ పెట్రోలు ఇంజిన్లు ఉన్నవారు ఒక విషయం గుర్తుంచుకోవాలి. ఈ ఇంజిన్లలో పెట్రోలు నేరుగా సిలిండర్‌లోకి చిమ్ముతుంది కాబట్టి, ట్యాంకులో పోసే ఇంజెక్టర్ క్లీనర్ ఇన్‌టేక్ వాల్వుల వెనుక పేరుకున్న కార్బన్‌ను చేరనే చేరదు. ఇంజెక్టర్‌కు అది పనికిరావచ్చు గాని, వాల్వుల మీద కార్బన్ ఉందని తేలితే ఇన్‌టేక్ మానిఫోల్డ్ విప్పి శుభ్రం చేయించడమే దారి.

ఏ డబ్బా దేనికి

డీగ్రీజర్ ఇంజిన్ బయటి జిడ్డుకు. థ్రాటిల్ బాడీ క్లీనర్ థ్రాటిల్ లోపలి కార్బన్‌కు. కార్బ్యురేటర్ క్లీనర్ పాత కార్బ్యురేటర్ బండ్లకు, అందులో సాధారణంగా అసిటోన్, టొలుయిన్, జైలీన్ వంటి ఘాటైన ద్రావకాలు ఉంటాయి కాబట్టి పెయింటును లేపుతుంది, ప్లాస్టిక్‌ను, రబ్బరును మెత్తబరుస్తుంది. బ్రేక్ క్లీనర్ బ్రేకు డిస్కులకు, డ్రమ్ములకు మాత్రమే. ఎంఏఎఫ్ సెన్సర్ (ఇంజిన్‌లోకి పోయే గాలిని కొలిచేది) క్లీనర్ ఆ ఒక్క సెన్సర్‌కు. కాంటాక్ట్ క్లీనర్ కనెక్టర్లకు, విద్యుత్ పిన్నులకు. ఫ్లష్ ఆయిల్‌లో పోసేది, ఇంజెక్టర్ క్లీనర్ ట్యాంకులో పోసేది. ఈ రెండింటినీ తారుమారు చేసినవారు కూడా ఉన్నారు, సీసాలు ఒకే రకంగా ఉంటాయి మరి. పెట్రోలు మందు డీజిల్ బండికి, డీజిల్ మందు పెట్రోలు బండికి పోయకూడదు.

ఇంట్లో దొరికేవాటి సంగతి కూడా చెప్పాలి. కాస్టిక్ సోడా, బాత్‌రూమ్ యాసిడ్, బ్లీచింగ్ పౌడర్ బోనెట్ దగ్గరికి రానీయకండి. నేటి ఇంజిన్లలో చాలా భాగాలు అల్యూమినియంవి. కాస్టిక్ సోడా అల్యూమినియాన్ని తినేస్తుంది, ఆ చర్యలో మండే స్వభావమున్న హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. యాసిడ్, బ్లీచింగ్ కలిస్తే క్లోరిన్ వాయువు పుడుతుంది, అది ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది.

ఇక డీజిల్, కిరోసిన్, పెట్రోలు. షెడ్లలో ఇప్పటికీ వీటితోనే కడుగుతారు. కూలెంట్ గొట్టాలు, ఆల్టర్నేటర్ తిప్పే బెల్టు చాలావరకు ఈపీడీఎం అనే రబ్బరుతో చేసినవి. పెట్రోలియం నూనె తగిలితే ఈ రబ్బరు ఉబ్బి మెత్తబడుతుంది. పెట్రోలు ఆవిరి సున్నాకు 40 డిగ్రీల కింద కూడా అంటుకోగలదు. కిరోసిన్ ఆవిరి అంటుకోవడానికి దాదాపు 38 డిగ్రీలు చాలు, మన మే నెల మధ్యాహ్నం నీడలో కూడా అంత వేడి ఉంటుంది. డీజిల్ అంత తేలికగా అంటుకోదు గాని, కడిగిన తరువాత మిగిలే పలుచటి పొర మీద దుమ్ము మళ్ళీ అతుక్కుంటుంది, వేడెక్కినప్పుడు పొగ వస్తుంది. ఈ మూడింటికీ బదులు నీటితో కలిపి వాడే డీగ్రీజర్ తీసుకోండి. లేబుల్ మీద అల్యూమినియానికి, రబ్బరుకు హాని లేదని రాసి ఉండాలి.

కావలసినవి

- నైట్రైల్ చేతి తొడుగులు. డాక్టర్లు వాడే తెల్లటి లేటెక్స్ తొడుగులను ద్రావకాలు పాడుచేస్తాయి.
- పక్కలు కూడా మూసుకుపోయే కళ్ళద్దాలు. మామూలు చూపు అద్దాలు చాలవు.
- ఆర్గానిక్ వేపర్ కాట్రిడ్జ్ ఉన్న మాస్కు. గుడ్డ మాస్కు గాని, ఎన్-95 గాని దుమ్మును ఆపుతాయి, ఆవిరిని ఆపవు.
- ఏబీసీ రకం పొడి అగ్నిమాపక సిలిండరు, చేతికి అందే దూరంలో.
- పాత బనియన్ గుడ్డలు, మెత్తటి బ్రష్షులు, పాలిథిన్ కవర్లు, టేపు, రబ్బరు బ్యాండ్లు, ఫెండర్ల మీద పరచడానికి పాత దుప్పటి.
- ఎల్ఈడీ టార్చి. వైరుతో వేలాడదీసే బల్బు పగిలితే ఆ నిప్పురవ్వ ఒక్కటి చాలు.
- 10 మి.మీ. స్పానర్, స్క్రూడ్రైవర్లు, ఫ్లష్ చేసేవారికి కొత్త ఫిల్టర్, కొత్త ఆయిల్, డ్రెయిన్ బోల్టుకు కొత్త వాషర్.
- బండితో వచ్చిన ఓనర్స్ మాన్యువల్.

చేసే విధానం

1. లేబుల్ పూర్తిగా చదవండి. ఏ భాగానికి, ఎంత మోతాదు, ఎంతసేపు ఉంచాలి, ఏ ఇంజిన్లకు పనికిరాదు అన్న నాలుగూ తెలియకుండా మూత తీయవద్దు. బ్రేక్ క్లీనర్ ఇంట్లో ఉంటే అందులో టెట్రాక్లోరోఇథిలీన్ ఉందేమో చూడండి. క్లోరిన్ ఉన్న ఈ రకం మండదు, కాబట్టి ప్రమాదం లేదనుకుంటారు. కాని దాని తడి లేదా ఆవిరి వెల్డింగ్ మంటకు, బాగా కాలిన లోహానికి తగిలితే విషవాయువులు పుడతాయి, వాటిలో ఫాస్జీన్ ఒకటి. సిగరెట్టు నిప్పు విషయంలో కూడా ఇదే జాగ్రత్త. క్లోరిన్ లేని రకం అయితే నేరుగా అంటుకుంటుంది. అంటే రెండు రకాలకూ నిప్పు దూరంగానే ఉండాలి.

2. స్థలం సరిగ్గా ఎంచుకోండి. అపార్ట్‌మెంట్ సెల్లార్‌లో ఈ పని చేయవద్దు. ద్రావకాల ఆవిరి గాలి కంటే బరువైనది, పైకి పోదు, నేల మీదే పరుచుకుని పల్లానికి చేరుతుంది. సెల్లార్‌లో బోరు మోటారు స్టార్టర్, జనరేటరు, లిఫ్టు ప్యానెల్ ఉంటాయి. వాటిలో ఏది ఎప్పుడు ఆన్ అయినా నిప్పురవ్వ పుడుతుంది. పైన ఎండ ఉందని కిందికి దిగేవారికి ఇది ముఖ్యంగా చెబుతున్నాను. ఉదయం పూట, ఆరుబయట, చెట్టు నీడన, గాలి మీ వెనుక నుండి వీచేలా బండిని నిలపండి. ఎండలో డీగ్రీజర్ కడగకముందే ఆరిపోయి మరకలు పడతాయి.

3. ఇంజిన్‌ను చల్లారనివ్వండి. ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ చాలా వేడి మీద ఉంటుంది, మండే స్ప్రే దాని మీద పడితే అంటుకోవచ్చు. వేడి మీద చన్నీళ్ళు పోస్తే లోహం బీటలు వారవచ్చు. వాల్వ్ కవర్ మీద అరచేయి ఆనించి ఇబ్బంది లేకుండా ఉంచగలిగితే డీగ్రీజర్ పనికి సరిపోతుంది. థ్రాటిల్, సెన్సర్ పనులకు పూర్తిగా చల్లారాలి. రేడియేటర్ మూతను వేడి మీద ఎట్టి పరిస్థితిలోనూ విప్పవద్దు, లోపల ఒత్తిడితో ఉన్న కూలెంట్ ఎగిసి ముఖం కాలుస్తుంది.

4. డీగ్రీజర్, థ్రాటిల్, సెన్సర్ పనులకు ముందు బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీయండి. ముందు నెగటివ్, తిరిగి పెట్టేటప్పుడు చివర నెగటివ్. కొన్ని బండ్లలో దీనివల్ల గడియారం, స్టీరియో కోడ్, కిటికీల ఆటో సెట్టింగు పోతాయి, ముందే మాన్యువల్ చూసుకోండి. బోనెట్ కింద నారింజ రంగు తొడుగున్న లావుపాటి కేబుళ్ళు కనిపిస్తే అది హైబ్రిడ్ లేదా ఎలక్ట్రిక్ బండి. వాటిలో ప్రాణాపాయమైన వోల్టేజీ ఉంటుంది, ఆ బండికి ఈ పనులేవీ ఇంట్లో చేయకండి.

5. తడవకూడనివి కప్పండి. ఆల్టర్నేటర్, ఫ్యూజ్ బాక్సు, ఈసీయూ (ఇంజిన్‌ను నడిపే కంప్యూటర్), ఇగ్నిషన్ కాయిళ్ళు, ఎయిర్ ఫిల్టర్ నోరు, బ్యాటరీ. పాలిథిన్ కవరు తొడిగి రబ్బరు బ్యాండు వేయండి, సందులు టేపుతో మూయండి. ఆయిల్ మూత, డిప్‌స్టిక్, కూలెంట్ మూత గట్టిగా ఉన్నాయో లేదో చూడండి. ఫెండర్ల మీద దుప్పటి పరవండి. ఎన్ని కవర్లు కట్టారో లెక్కపెట్టుకోండి, స్టార్ట్ చేసే ముందు అన్నీ తిరిగి రావాలి.

6. బయటి జిడ్డును డీగ్రీజర్‌తో తీయడం. కడిగే ముందు జిడ్డు ఎక్కడ నుండి మొదలైందో చూసి ఫోటో తీసుకోండి. వాల్వ్ కవర్ గాస్కెట్ దగ్గర తడిగా ఉంటే అది కారుతోందని అర్థం, కడిగేస్తే ఆ జాడ పోతుంది. (సెకండ్ హ్యాండ్ కారు కొనేటప్పుడు ఇంజిన్ అద్దంలా మెరుస్తుంటే సంతోషించకండి, ఎందుకు కడిగారని అడగండి.)

ముందుగా ఎండు దుమ్మును బ్రష్షుతో దులపండి. తరువాత కింది నుండి పైకి డీగ్రీజర్ చల్లి, లేబుల్ చెప్పినంతసేపు మాత్రమే ఉంచి, ఆరకముందే బ్రష్షుతో రుద్దండి. బెల్టు మీద పడనీయకండి. మొదటిసారి వాడుతుంటే కనిపించని మూల ఒకటి ఎంచుకుని కొద్దిగా పూసి, రంగు మారుతుందేమో చూసి ముందుకు సాగండి. కడగడానికి సన్నటి ధారగా వచ్చే మామూలు పైపు చాలు. ప్రెషర్ వాషర్ వద్దు, ఆ ఒత్తిడికి నీళ్ళు కనెక్టర్ల సీళ్ళు దాటి లోపలికి పోతాయి, ఫలితం ఆ రోజు కాక వారం తరువాత పిన్నుల తుప్పుగా బయటపడుతుంది. నీళ్ళంటే భయమున్నవారికి ప్రత్యామ్నాయం ఉంది: డీగ్రీజర్‌ను గుడ్డ మీద చల్లి తుడవడం, తరువాత తడిగుడ్డతో రెండుసార్లు తుడవడం. ఆలస్యమైనా ఇదే నాకు నచ్చిన పద్ధతి.

చివర నల్లగా మెరవడానికి సిలికోన్ స్ప్రే కొట్టేవారున్నారు. బెల్టు మీద పడితే అది జారుతుంది, ఇన్‌టేక్ ద్వారా లోపలికి పోయిన సిలికోన్ ఆక్సిజన్ సెన్సర్‌ను పాడుచేస్తుంది. అది మానేయండి.

7. థ్రాటిల్ బాడీ, ఎంఏఎఫ్ సెన్సర్. గాలి గొట్టం క్లిప్పు వదులు చేసి తీస్తే థ్రాటిల్ పలక కనిపిస్తుంది. స్ప్రేను నేరుగా లోపలికి కొట్టకండి. గుడ్డను తడిపి, పలక అంచును, చుట్టూ ఉన్న నల్లటి వలయాన్ని మెల్లగా తుడవండి. నేరుగా కొడితే రెండు నష్టాలు: ద్రావకం పలక ఇరుసు వెంట మోటారు వైపు పోతుంది, మిగిలినది మానిఫోల్డ్‌లో నిలుస్తుంది. ద్రవం ఎక్కువగా సిలిండర్‌లోకి చేరితే అది నొక్కుకోదు కాబట్టి, స్టార్ట్ చేసినప్పుడు కనెక్టింగ్ రాడ్ వంగిపోయే ప్రమాదం ఉంది.

ఇగ్నిషన్ ఆన్‌లో ఉండగా ఎలక్ట్రానిక్ థ్రాటిల్‌లో వేలు పెట్టవద్దు. దాని మోటారు పలకను హఠాత్తుగా మూస్తే వేలు నలుగుతుంది. ఇగ్నిషన్ ఆఫ్‌లో ఉన్నా, మాన్యువల్ అనుమతిస్తే తప్ప పలకను బలవంతంగా తోయకండి, లోపలి ప్లాస్టిక్ గేర్లు విరుగుతాయి. వెనుక వైపు కూడా బాగా పట్టేసి ఉంటే నాలుగు బోల్టులు విప్పి బయటికి తీసి తుడవడం మేలు, అప్పుడు కొత్త గాస్కెట్ వేయండి. కొన్ని థ్రాటిల్ బాడీలలో పలక అంచున ఫ్యాక్టరీలోనే వేసిన ముదురు రంగు పూత ఉంటుంది. అది మసి అనుకుని గీకితే మూసుకోవలసిన చోట సందు ఏర్పడి ఐడ్లింగ్ ముందుకంటే అధ్వాన్నమవుతుంది. గుడ్డకు నలుపు అంటడం తగ్గిందంటే అక్కడితో ఆపండి.

చాలా చిన్న పెట్రోలు కార్లలో ఎంఏఎఫ్ ఉండదు, దాని పనిని మ్యాప్ సెన్సర్ (మానిఫోల్డ్‌లోని గాలి ఒత్తిడిని కొలిచేది) చేస్తుంది. డీజిల్ కార్లలో చాలావరకు ఉంటుంది. ఉన్నవారు కనెక్టర్ తాళాన్ని నొక్కి తీయండి, వైరు పట్టుకుని లాగకండి. స్క్రూలు విప్పి సెన్సర్‌ను బయటికి తీస్తే లోపల వెంట్రుక కంటే లావు లేని తీగ, లేదా గోరంత పలుచటి రేకు కనిపిస్తుంది. దాన్ని వేలితో గాని, దూదితో గాని, బ్రష్షుతో గాని తాకకూడదు. కంప్రెసర్ గాలి కూడా కొట్టకూడదు. లేబుల్ చెప్పిన దూరం నుండి ఎంఏఎఫ్ క్లీనర్‌ను పొట్టి పొట్టి స్ప్రేలుగా కొట్టి, తల కిందికి పట్టుకుని ద్రవం కారనివ్వండి. తరువాత కనీసం అరగంట దానంతట అది ఆరాలి. తడిగా ఉండగా ఇగ్నిషన్ వేస్తే ఆ తీగ వేడెక్కుతుంది, అక్కడ మండే ఆవిరి ఉంటుంది. తిరిగి బిగించేటప్పుడు దాని మీది బాణం గుర్తు గాలి పోయే దిక్కుకు ఉండాలి.

కార్బ్యురేటర్ స్ప్రేతో థ్రాటిల్ బాడీ కడగవచ్చా అన్న మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది: దాని డబ్బా మీద థ్రాటిల్ బాడీకి, ఆక్సిజన్ సెన్సర్‌కు హాని లేదని రాసి ఉంటే గుడ్డ మీద కొట్టి వాడవచ్చు, లేకపోతే వద్దు. ఎంఏఎఫ్‌కు మాత్రం ఏది రాసి ఉన్నా వద్దు.

8. ఇంజిన్ ఫ్లష్. ముందు ఎవరు చేయకూడదో చెబుతాను. మూత విప్పి చూసినప్పుడు గడ్డలుగా మడ్డి ఉన్న ఇంజిన్లకు చేయకూడదు. ఒక్కసారిగా ఊడిన మడ్డి కింద ఆయిల్ ఛాంబర్‌లోని జల్లెడకు అడ్డుపడితే పంపుకు ఆయిల్ అందదు, బేరింగులు పోతాయి. ఆయిల్ లైటు ఇప్పటికే మినుకుమినుకుమంటున్న బండికి చేయకూడదు. టైమింగ్ బెల్టు ఆయిల్‌లోనే తడుస్తూ తిరిగే ఇంజిన్లు కొన్ని ఉన్నాయి. మన దగ్గర ఫోర్డ్ ఎకోస్పోర్ట్‌లో వచ్చిన మొదటి 1.0 లీటర్ ఎకోబూస్ట్ ఆ రకానిదే. ఆ బెల్టు రబ్బరుది, దానికి ఘాటైన ద్రావకం పడదు. వారంటీలో ఉన్న బండికి కంపెనీ రాతపూర్వకంగా చెబితే తప్ప చేయకండి.

చేయదగిన ఇంజిన్ అయితే ఇలా చేయండి. డిప్‌స్టిక్‌తో మట్టం చూడండి, పై గీత దాటి ఉండకూడదు. ఇంజిన్‌ను మామూలు వేడికి తెచ్చి ఆపండి. లేబుల్ చెప్పిన మోతాదు పోయండి, ఎక్కువ పోస్తే ఎక్కువ శుభ్రమవుతుందని అనుకోవద్దు, ఆయిల్ ఇంకా పలుచనై బేరింగుల మధ్య పొర తెగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, ఆరుబయటే స్టార్ట్ చేసి ఐడ్లింగ్‌లో వదలండి. సాధారణంగా 5 నుండి 15 నిమిషాల వరకు చెబుతారు, మీ సీసా ఎంత చెబితే అంతే. రేజ్ చేయకూడదు, బండి నడపకూడదు. అంతసేపూ ఆయిల్ లైటు మీద కన్ను వేసి ఉంచండి, వెలిగితే ఆ క్షణమే ఇంజిన్ ఆపండి.

తరువాత వేడి మీదే ఆయిల్ దించండి. చేతి మీద పడితే కాలుతుంది, బోల్టు చివరి మర ఊడేటప్పుడు చేయి పక్కకు తీయండి. బండి సమంగా నిలిచి ఉండాలి, చుక్కలు ఆగేదాకా ఆగండి. పాత ఫిల్టర్ తప్పనిసరిగా మార్చాలి, కొత్త వాషర్‌తో బోల్టు బిగించి కొత్త ఆయిల్ పోయాలి. ఫ్లష్ చేసి ఫిల్టర్ మార్చకపోవడమంటే ఇల్లు ఊడ్చిన చెత్తను గుమ్మం దగ్గరే వదిలేయడం.

కొన్ని షెడ్లలో ఫ్లష్‌కు బదులు ఆయిల్ ఛాంబర్‌లో డీజిల్ పోసి ఇంజిన్ తిప్పుతారు. ఒప్పుకోకండి. డీజిల్ పొర బేరింగులను మోయడానికి చాలదు. దానికంటే మంచి ప్రత్యామ్నాయం ఖర్చుతో కూడుకున్నదే అయినా నిదానమైనది: సరైన గ్రేడు మంచి ఆయిల్ పోసి, రెండు మూడు దఫాలు గడువు కంటే చాలా ముందే, ఉదాహరణకు 3,000 కిలోమీటర్లకే, ఆయిల్, ఫిల్టర్ మార్చడం. ఆయిల్‌లోనే డిటర్జెంట్లు ఉంటాయి, అవి మడ్డిని కొద్దికొద్దిగా తీస్తాయి. గడ్డలు కట్టిన ఇంజిన్‌కైతే ఛాంబర్ దించి జల్లెడ శుభ్రం చేయించాలి.

9. ట్యాంకులో పోసే క్లీనర్. ఇది తేలిక. ట్యాంకు ఖాళీ అవుతున్నప్పుడు సీసా పోసి, వెంటనే పెట్రోలు నింపితే బాగా కలుస్తుంది. ఎన్ని లీటర్లకు ఒక సీసా అన్నది చూడండి. పాలీఈథర్ అమీన్ ఉన్నవాటికి ఇంజెక్టర్ల మీది పేరుకున్న మడ్డిని కరిగించే గుణం ఉంది. 2020 ఏప్రిల్ తరువాత వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) ఉంటే, డీపీఎఫ్‌కు అనుకూలమని సీసా మీద ఉండాలి. లోహాలు కలిసిన మందులు అందులో బూడిదగా మిగిలిపోతాయి.

10. తిరిగి స్టార్ట్ చేయడం. కవర్లన్నీ తీయండి, లెక్క సరిచూడండి. కనెక్టర్లు క్లిక్ మనేదాకా నొక్కండి. గుంటలలో నిలిచిన నీటిని గుడ్డతో అద్దండి, బోనెట్ తెరిచి కొన్ని గంటలు ఆరనివ్వండి. ద్రావకం వాసన పూర్తిగా పోయిన తరువాతే బ్యాటరీ తగిలించండి, ఎందుకంటే ఆ తగిలించడంలోనే నిప్పురవ్వ వస్తుంది. ఎలక్ట్రానిక్ థ్రాటిల్ శుభ్రం చేసినవారు మాన్యువల్ చెప్పిన ఐడిల్ లెర్నింగ్ (ఐడ్లింగ్‌ను ఈసీయూకు తిరిగి నేర్పే) పద్ధతి పాటించాలి. కొన్నింటికి మెకానిక్ దగ్గరి స్కానర్ కావాలి.

ఎక్కువగా జరిగే పొరపాట్లు

ఇంజిన్ నడుస్తుండగా ఇన్‌టేక్ గొట్టాల చుట్టూ కార్బ్యురేటర్ స్ప్రే కొట్టి గాలి లీకు వెతకడం చాలామందికి అలవాటు. అంగుళాల దూరంలోనే ఎగ్జాస్ట్ ఉంటుంది, కాయిల్ నిప్పురవ్వ ఉంటుంది. లీకు వెతకడానికి గొట్టాలలోకి పొగ పంపి చూసే పరీక్ష చేయించండి. డీజిల్ ఇంజిన్ గాలి గొట్టంలోకి మండే స్ప్రే కొట్టడం ఇంకా ప్రమాదం. గ్లో ప్లగ్గుల వేడికి, కంప్రెషన్‌కు అది వేళ కాని వేళ పేలుతుంది.

ఒకే రోజు అన్నీ చేసేయడం ఇంకొక పొరపాటు. ఫ్లష్, థ్రాటిల్, సెన్సర్, ట్యాంకు మందు అన్నీ కలిపి చేశాక చెక్ ఇంజిన్ లైటు వెలిగితే ఏది కారణమో తేల్చడం కష్టం. ఒక పని చేసి, కొన్ని రోజులు నడిపి, తరువాతిది చేయండి.

పని అయ్యాక చేతులను పెట్రోలుతో, థిన్నర్‌తో కడుక్కోవడం మరొకటి. చర్మంలోని నూనె పోయి పగుళ్ళు వస్తాయి, ద్రావకం చర్మం గుండా లోపలికి కూడా పోతుంది. సబ్బు, కొద్దిగా కొబ్బరినూనె చాలు.

పని సరిగా కుదిరిందో లేదో చూడటం

స్టార్ట్ చేయగానే ఆయిల్ లైటు కొద్ది సెకన్లలో ఆరాలి. ఆరకపోతే వెంటనే ఆపండి. పది నిమిషాలు ఐడ్లింగ్‌లో ఉంచి, డ్రెయిన్ బోల్టు, ఫిల్టర్ అంచుల చుట్టూ తెల్ల గుడ్డతో తుడిచి చూడండి, తడి అంటకూడదు. ఇంజిన్ ఆపి కొన్ని నిమిషాలు ఆగి డిప్‌స్టిక్ చూడండి, కొత్త ఫిల్టర్ కొంత ఆయిల్ తాగుతుంది కాబట్టి మట్టం తగ్గి ఉంటే కలపండి.

వేడెక్కిన తరువాత ఐడ్లింగ్ సాధారణంగా 700 నుండి 850 ఆర్‌పీఎం మధ్య నిలకడగా ఉండాలి, ఏసీ వేస్తే కొద్దిగా పెరుగుతుంది. థ్రాటిల్ శుభ్రం చేసిన మొదటి రోజు కొద్దిగా ఎక్కువగా ఉండటం మామూలే. బెల్టు కీచుమంటే దాని మీద నీళ్ళో మందో పడింది. నీళ్ళయితే ఆరాక ఆగుతుంది, మందైతే ఆగదు, బెల్టు మార్చాలి.

బండి కంప్యూటర్‌లోని లోపాల కోడ్లు చదివే, చౌకగా దొరికే ఓబీడీ స్కానర్ ఉంటే ఇంకా తేలిక. పి0101 వస్తే ఎంఏఎఫ్ సెన్సర్ చెప్పే లెక్క సరిపోలడం లేదని, పి0171 వస్తే గాలి ఎక్కువ ఇంధనం తక్కువ అవుతోందని, పి0300 వస్తే సిలిండర్లు మిస్‌ఫైర్ అవుతున్నాయని అర్థం. మొదటి రెండింటికీ ముందుగా గాలి గొట్టం క్లిప్పు సరిగా బిగించారో లేదో చూడండి, చాలాసార్లు కారణం అదే. మూడవదానికి కాయిళ్ళ గుంటలలో నీరుందేమో చూడండి.

ప్రమాదం జరిగితే

కంట్లో పడితే రుద్దకుండా, రెప్పలు విప్పి పట్టుకుని, కుళాయి కింద 15 నుండి 20 నిమిషాలు కడిగి ఆసుపత్రికి వెళ్ళండి. తల తిరిగితే పని వదిలి గాలి వీచే చోటికి వెళ్ళండి. మింగితే వాంతి చేయించకండి, పైకి వచ్చేటప్పుడు ఆ ద్రావకం ఊపిరితిత్తులలోకి పోయే ప్రమాదం మింగినదానికంటే ఎక్కువ. నోటితో పైపు పెట్టి పెట్రోలు లాగకూడదని చెప్పేది కూడా ఇందుకే. 108కి ఫోన్ చేసి, డబ్బాను వెంట తీసుకెళ్ళండి, డాక్టరుకు మొదట కావలసింది దాని మీది పేర్లే. చక్రాలు మెరిపించే కొన్ని క్లీనర్లలో హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం ఉంటుంది. అది చర్మం మీద పడితే మొదట మంట తెలియకపోవచ్చు, అయినా కడుక్కుని వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి.

మంట లేస్తే నీళ్ళు పోయవద్దు, నూనెతో పాటు మంట కూడా పరుచుకుంటుంది. బోనెట్ మూసి ఉంటే బార్లా తెరవకండి, గాలి తగిలి మంట పెరుగుతుంది. సందులో నుండి పొడి చల్లండి. ఒక సిలిండరుతో ఆగకపోతే దూరంగా జరిగి 101కి ఫోన్ చేయండి.

మిగిలినవాటిని ఏం చేయాలి

స్ప్రే డబ్బాల మీద 50 డిగ్రీలు దాటిన చోట ఉంచవద్దని రాసి ఉంటుంది. రామగుండంలోనో విజయవాడలోనో మే నెల ఎండలో మూసి నిలిపిన కారు లోపలి వేడి ఆ అంకెను తేలికగా దాటుతుంది. కాబట్టి డిక్కీలో, డాష్‌బోర్డు మీద వదలకండి. మిగిలిన మందును నీళ్ళ సీసాలో, కూల్‌డ్రింక్ సీసాలో పోసి ఉంచకండి, పిల్లలు తాగేస్తారు. కూలెంట్‌లోని ఇథిలీన్ గ్లైకాల్ తియ్యగా ఉండటం వల్ల కుక్కలు కూడా నాకుతాయి, కొద్దిపాటి మోతాదే వాటిని చంపుతుంది.

పాత ఆయిల్‌ను మురుగు కాలువలో పోయవద్దు, చెదలు పట్టకుండా అని చెట్టు మొదట్లో పోయవద్దు. 2016 నాటి ప్రమాదకర వ్యర్థాల నిబంధనల కింద వాడిన ఆయిల్ కూడా వస్తుంది, దాన్ని అనుమతి పొందిన రీసైక్లర్లకే చేర్చాలి. మూత గట్టిగా ఉన్న డబ్బాలో పోసి, ఆయిల్ తీసుకునే సర్వీసు సెంటరులో ఇవ్వండి. అందులో డీగ్రీజర్, బ్రేక్ క్లీనర్ మిగుళ్ళు కలపకండి, కలిపితే ఆ ఆయిల్ మళ్ళీ శుద్ధి చేయడానికి పనికిరాకుండా పోవచ్చు. ద్రావకంతో తడిసిన గుడ్డలను కుప్పగా వేయక, ఆరుబయట విడివిడిగా ఆరబెట్టి, మూత ఉన్న ఇనుప డబ్బాలో వేయండి. ఖాళీ అయిన స్ప్రే డబ్బాలో కూడా గ్యాస్ మిగిలి ఉంటుంది కాబట్టి దానికి చిల్లు పెట్టకండి, చెత్తతో కలిపి కాల్చకండి.